నాలుగు శ్రుతి

సంతపేటలో నారు అమ్మిన ఆమె
ఒట్టేసి మరీ చెప్పింది, కాపు ఆగదని.
మురకంబట్టులో మా మిద్దె మీద
పాత పెయింటు డబ్బాల్లో తొమ్మిది వంగ మొక్కలు.
పూత పూతగానే రాలింది.
పొద్దున్నే ఊదారంగు పూలు చిమ్మి
చేటకెత్తడం నా పనైంది.

పక్క మిద్దె చెంగల్రాయుడు మామ
నలభై ఏళ్ళు డోలు వాయించినవాడు.
ఎడమ చెవి ఆ డోలుకే ఇచ్చేశాడు,
కుడి చెవితో నెట్టుకొస్తున్నాడు.
పిట్టగోడ మీంచి నా చేటలోకి తొంగి చూసి
"ఈ పువ్వు నోరు కుట్టుకోనుంటాది మే.
పొడి లోపల్నే ఉండాది.
ఊరికే వచ్చి వాలితే రాలదు,
శ్రుతి పలికితేనే ఇస్తాది" అన్నాడు.

నేను నవ్వాను.
ఆయన నవ్వలేదు.

మర్నాడు శ్రుతిపెట్టె తెచ్చి
వంగ డబ్బాల నడుమ పెట్టాడు.
అరగంట మోగింది పెట్టె.
నీళ్ళ ట్యాంకు మీది కాకి లేచిపోయింది,
కింద పాలవాడు ఎవరింట్లో పెళ్ళని అడిగాడు.
పువ్వు మాత్రం ఉలకలేదు.
చివరికి ఆయన మనవరాలు శర్వాణి
బ్యాటరీతో తిరిగే పళ్ళ బ్రష్షు పట్టుకొచ్చి
పువ్వు తొడిమకు ఆనించింది.
జుయ్ మనేసరికి
ఆ పిల్ల గోటి మీద పసుపు!
బొట్టు పెట్టేంత కూడా లేదు,
తుమ్మితే పోయేంత.
ఆ వారం మూడు పిందెలు నిలిచాయి.
బ్రష్షుకు పుట్టిన వంకాయలని
మా ఆయన కూర తినడానికి జంకాడు.

అసలు విద్వాంసుడు ఆ తర్వాత వచ్చాడు.
ఆడి నెల, ఎండ పదునెక్కకముందు.
బూడిదరంగు ఒళ్ళు, పొట్ట మీద నీలం పట్టీలు,
తేనెటీగ అనలేను, తుమ్మెద అనలేను,
నాకు పేరు తెలీదు.
వచ్చీ రాగానే పువ్వును కావలించి
తలకిందులుగా వేలాడి
రెక్క కదపకుండా ఒళ్ళంతా మోగించింది.

మామ కుడి చెవి పువ్వు దగ్గరికి తెచ్చాడు.
కళ్ళు మూసుకున్నాడు.
"నాలుగు. నాలుగు శ్రుతి.
మా నాదస్వరం రెండున్నర దాటింది లేదు,
దీని పొగరు చూడు!"
ఇంకో పువ్వు. మళ్ళీ నాలుగే.
వెంట్రుకంత తగ్గలేదు.
"మా నాయిన నన్ను కొట్టిందంతా
ఈ నిలకడ కోసరమే మే."

దాని ఇల్లు ఎక్కడా అని వెతికాను.
పూత లేని కాంపౌండు గోడ,
ఇటుకల సందు మట్టిలో చిల్లులు,
శనగగింజ పట్టేంతవి.
మేస్త్రీ దేవరాజు సిమెంటు మూటతో వచ్చిన రోజు
టీ ఇచ్చి పంపేశాను.
వీధిలోవాళ్ళు ఏమనుకుంటారని మా ఆయన.
అనుకోనీ.

మధ్యలో దోమల పొగబండి వచ్చింది.
నాలుగు రోజులు మిద్దె మీద ఏ మోతా లేదు.
మామ రోజూ వచ్చాడు,
చెవి పెట్టాడు, పోయాడు.
మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
ఐదో రోజు వచ్చింది.
ఒక్కటే.

నిన్న రాత్రి కరెంటు పోతే మిద్దెక్కాం.
పొట్లపందిరి నిండా తెల్లపూలు,
అంచులు దారాలు దారాలుగా విప్పుకొని.
ఒక పెద్ద రెక్కలపురుగు
గాలిలోనే నిలబడి
జానెడు నాలుక చాపి తాగుతోంది.
మామ వంగి విన్నాడు.
చెవి మార్చి కూడా విన్నాడు,
ఆ పనిచెయ్యని చెవితో.
"దీనికి శ్రుతి లేదు మామా" అన్నాను.

చాలాసేపు ఊరుకున్నాడు.
"మా మేళంలో వళ్ళెయ్య అని ఒకడుండె.
ఏమీ వాయించడు.
పెట్రోమాక్సు లైటు నెత్తిన పెట్టుకోని
ఊరేగింపంతా నడుస్తాడు, అంతే.
ఒగ రాత్రి వాడు రాలే.
ఆపొద్దు మేమెవురం
అడుగు తీసి అడుగు పెట్టలేకపోతిమి."

కరెంటు వచ్చింది.
మిద్దె మీది ట్యూబులైటు ఆర్పేసి
చీకట్లోనే మెట్లు దిగాం,
ఆయన ముందు, నేను వెనక,
గోడ తడుముకుంటూ.